వరసలో నల్లరాయి

రసజ్ఞకు ప్రశ్నలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. పెళ్ళికి వెళ్తే జీలకర్రా బెల్లమే ఎందుకని, లిఫ్టు ఎక్కితే పదమూడో అంతస్తు ఎందుకు లేదని, డాక్టరు దగ్గరికి వెళ్తే నాలుక చూస్తే ఏం తెలుస్తుందని అడిగి అడిగి ఎదుటివాళ్ళ ప్రాణం తీసేది. వాళ్ళ నాన్న కామేశ్వరరావు ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. అసెంబ్లీ ప్రశ్నలకైనా జవాబు రాసి పంపగలను గానీ ఈ పిల్లకు చెప్పలేను బాబూ అని మణికొండ అపార్టుమెంటులో కనిపించిన ప్రతివాడి దగ్గరా మొత్తుకునేవాడు. అలాంటి పిల్ల ఒక ఆదివారం పొద్దున అడగాల్సిన ఒక్క ప్రశ్న అడక్కుండా మింగేసి, ముప్ఫయ్యొక్క ఇళ్ళ నీళ్ళకు ఎసరు పెట్టింది.

అడగడానికి టైము లేక కాదు. రెండు వారాలుగా ఆమె చేసిన పని అడగడమే. ఇంజనీరింగు మూడో సంవత్సరం విద్యార్థులతో ఒక రోజు సమాజ సేవ చేయించాలని యూనివర్సిటీ అనుకుంది. ఆ బాధ్యత ఉదయ్ భాస్కర్ సార్ నెత్తిన పడింది, సార్ దాన్ని పదిలంగా దించి రసజ్ఞ నెత్తిన పెట్టాడు. చేతి తొడుగులు ఎన్ని, టీషర్టులు ఏ సైజువి, సమోసాలు ఉల్లిపాయవా ఆలుగడ్డవా, బస్సు ఎక్కడ తిరుగుతుంది, చెత్త ఆటో ఎన్నింటికి వస్తుంది, ఫొటోలు ఎన్ని గంటల్లోగా పంపాలి, అన్నీ అడిగింది, అన్నీ రాసుకుంది. అడగంది బస్తీవాళ్ళని మాత్రమే. మన ఊరిని బాగుచేయడానికి వెళ్ళేవాళ్ళం ఊరివాళ్ళని అడగడమేమిటన్నట్టు ఉంటుంది మన చదువు.

బస్తీ బోరబండ వెనకాల, రాళ్ళగడ్డ అంటారు. గుట్టవాలు మీద ఇళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి. కిందికి దిగితే రోడ్డు, రోడ్డు వెంబడి పొడుగాటి ప్రహరీ. పైమెట్టు మీద నిలబడి చూస్తే హైటెక్ సిటీ అద్దాల మేడలు చెయ్యి చాపితే అందేలా కనిపిస్తాయి. రసజ్ఞ అంతకుముందు ఒకసారి, శుక్రవారం మధ్యాహ్నం, క్లాస్‌మేటు సాయిచంద్‌తో వచ్చి చూసిపోయింది. ఆ రోజు ప్రహరీ కింద దుమ్మూ ప్లాస్టిక్కు సంచులూ తప్ప ఏమీ లేవు.

ఆదివారం ఏడింటికి బస్సు దిగేసరికి అలా లేదు. గోడ మొదట్లో ఒక విరిగిన ఇటుక ఉంది. దాని పక్కన తెగిన చెప్పు, తర్వాత టైరు ముక్క, సొట్టపోయిన గిన్నె, పిడి ఊడిన మగ్గు, కంప్యూటరు కీబోర్డు, నున్నటి నల్లరాయి, పెయింటు డబ్బా మూత. ఆ మూత అవతల కూడా చాలా ఉన్నాయి. ఒక్కో వస్తువుకీ మధ్య జానెడు ఎడం. చెత్త ఇంత క్రమశిక్షణగా ఎందుకు కూర్చుందబ్బా అనిపించింది రసజ్ఞకు. ఎవరినైనా అడుగుదామని నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే ఉదయ్ భాస్కర్ సార్ బ్యానరు కట్టించి, అందరూ చిలకాకుపచ్చ టీషర్టులతో నిలబడండి, వెలుతురు బాగుంది, ఫొటో తీద్దాం అని పిలిచాడు. నవ్వడానికి తెరిచిన నోరేమో అనుకుని ఫొటోలో ఆమెనే మధ్యన నిలబెట్టారు.

తర్వాత పని మొదలైంది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, అందరూ ఒక్క ఊపు మీదున్నారు. గంటన్నరలో గోడ కింద ఈగ వాలడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఇటుకలూ చెప్పులూ కీబోర్డూ అన్నీ నల్ల సంచుల్లోకి వెళ్ళాయి, సంచులు చెత్త ఆటోలోకి వెళ్ళాయి, ఆటో ఎటో వెళ్ళిపోయింది. గోడ పొడుగునా సున్నం గీత గీశారు. అందరూ చేతులు కడుక్కుని అరటిపళ్ళు తింటూ కూర్చున్నారు. రసజ్ఞకు లోపల భలే తృప్తిగా ఉంది.

తొమ్మిదిన్నరకు ఒకామె రెండు ప్లాస్టిక్కు బిందెలు పట్టుకుని రోడ్డు వెంట వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ఒక ఐటీ కంపెనీ హౌస్‌కీపింగ్ యూనిఫారంలోనే ఉంది. పేరు కనకలక్ష్మి అని తర్వాత తెలిసింది. గోడ దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది, సున్నం గీత చూసింది.

“నా కీబోర్డేది?” అంది.

రసజ్ఞ లేచి వెళ్ళి, అదేమైనా పనిచేసేదా అండీ, పాడైందనుకుని తీసేశాం, కావాలంటే కాలేజీలో పాతవి ఉన్నాయి, తెచ్చిస్తాం అని ఎంతో మర్యాదగా చెప్పింది. కనకలక్ష్మి ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అది పనిచేస్తే ఆఫీసువాళ్ళు పారేస్తరా, నేనేమన్న టైపు కొడ్తనా అని అడిగింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది.

రాళ్ళగడ్డలో కుళాయిల్లేవు. బుధవారం, ఆదివారం పదకొండింటికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. ఇంటికి నాలుగు బిందెలు లెక్కన పడుతూ పోతే చివరికొచ్చేసరికి ట్యాంకరు అడుగంటుతుంది, అందుకని ముందు వచ్చినవాళ్ళదే వరస. కానీ ఇక్కడ ఆడవాళ్ళంతా తెల్లారేసరికే పనుల్లో ఉండాలి. ఒకామె మణికొండలో వంటకు వెళ్తుంది, ఒకామె చందానగర్ మార్కెట్లో కూరలమ్ముతుంది, ఒకామె మేడల్లో నేల తుడుస్తుంది. గంటల తరబడి నిలబడేదెవరు? బిందె పెట్టిపోతే బిందె మాయమవుతుంది. అందుకని ఎవరికీ పనికిరాని వస్తువొకటి పెట్టి పోతారు. ఎవరికీ పనికిరాదు కాబట్టే ఎవరూ ముట్టుకోరు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒక్క చెప్పు ఒక్క అంగుళం ముందుకు జరగలేదట. అంటే పిల్లలు ఊడ్చింది చెత్త కాదు. ముప్ఫయ్యొక్క ఇళ్ళవాళ్ళని.

రసజ్ఞకు పొద్దున నోటిదాకా వచ్చిన ప్రశ్న గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. ఉదయ్ భాస్కర్ సార్ గబగబా ఫోన్లు చేశాడు. ఆటో ఎప్పుడో డంపింగ్ యార్డుకు చేరింది, సంచులు గుట్టలో కలిసిపోయాయి, ఇక వాటి మీద ఆశ వదులుకోవచ్చు.

ఈలోగా సంగతి ఇంటింటికీ పాకింది. పనుల నుంచి వచ్చినవాళ్ళు పన్నెండు మంది పోగయ్యారు. ఒక కుర్రాడు ఇదే సందని డ్రమ్ము తెచ్చి గోడ మొదట్లో పెట్టేశాడు, ఇంకొకామె దాన్ని కాలితో తోసేసింది. గొంతులు లేచాయి. ఇప్పుడు ఉన్నవాళ్ళే వరస కడితే మిగతా పందొమ్మిది ఇళ్ళకు బుధవారం దాకా చుక్క ఉండదు. తెల్లారి నాలుగింటికి లేచి ఇటుక పెట్టిపోయినామె తిరిగొచ్చి చివర్న నిలబడితే ఊరుకుంటుందా? ట్యాంకరు రావడానికి గంటా పావు ఉంది. ఆలోగా పాత వరస ఉన్నదున్నట్టు నిలబెట్టకపోతే, బాగుచేయడానికొచ్చిన పిల్లలు బస్తీలో జుట్లు పట్టించి పోయినట్టవుతుంది.

సార్ పేర్లు చీటీల మీద రాసి లాటరీ తీద్దామన్నాడు. సార్ ఏ సమస్యకైనా చీటీలే తీస్తాడు, పరీక్ష డ్యూటీలు కూడా అలాగే వేస్తాడు. జయలక్ష్మి అనే పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, పొద్దుగాల లేసినోళ్ళకు, పండుకున్నోళ్ళకు ఒక్కటే చీటీనా సారూ అని అడిగింది. సార్ చీటీల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎవరో పొద్దుటి ఫొటో తీసి చూశారు. అందులో ముప్ఫై ఎనిమిది మంది నవ్వుతున్నారు, వెనకాల ఒక చెప్పు, సగం ఇటుక తప్ప ఏమీ కనపడటం లేదు.

అప్పుడు రసజ్ఞ చేయగలిగింది ఒక్కటే చేసింది. అడగడం మొదలుపెట్టింది. మొత్తం వరస ఎవరికీ తెలియదు, నిజమే. కానీ తన వస్తువు పెట్టేటప్పుడు తన ముందేముందో చూసుకోని మనిషి ఉంటుందా? తిరిగొచ్చి చూసుకున్నప్పుడు తన వెనకాల ఏం చేరిందో గమనించకుండా ఉంటుందా?

“అమ్మా, మీదేంటి? దాని ముందు ఏముంది? వెనకాల ఏముంది?”

ముందు కసురుకున్నారు. సాయిచంద్ చందానగర్ పిల్లవాడు, ఆ భాష వాడిది. జర ఆగుండ్రి అత్తా, ఆమె తప్పు ఆమెనే దిద్దుకుంటదట, చెప్పిచూద్దం అని అందరినీ మెల్లగా దారిలోకి తెచ్చాడు. కనకలక్ష్మి తన ముందు మగ్గు ఉందంది. మగ్గు ఎవరిదంటే చందానగర్‌లో కూరలమ్మే ఆమెదన్నారు. మగ్గు ముందు సొట్టగిన్నె అని ఇంకొకామె చెప్పింది, ఆ గిన్నె మా తోడికోడలిదే, మొన్న పొయ్యి మీది నుంచి పడి సొట్టపోయింది, దాని కథ చెప్తే పొద్దుగూకుతుంది అని మూడో ఆమె అందుకుంది. కోపంతో మొదలైన గొంతులు మెల్లగా పందెం వేసుకునేదాకా వచ్చాయి. చెప్పు ఎడమకాలిదా కుడికాలిదా అని ఇద్దరు వాదించుకున్నారు. రసజ్ఞ కాగితం నిండా గొలుసులా రాసుకుంటూ, ఎడమకాలిదైతే కుడికాలిది ఎక్కడుందని కూడా అడిగింది. అది ఆపుకోలేకపోయింది.

మనుషులున్నచోట మనుషులు నిలబడ్డారు. లేనివాళ్ళ చోట ఏం పెట్టాలి? మళ్ళీ ఇటుకలు వెతికే టైము లేదు. పిల్లలనే పెట్టింది. క్లాసులో ఫస్టు వచ్చే అబ్బాయి తెగిన చెప్పు అయ్యాడు. సాయిచంద్ టైరు ముక్క అయ్యాడు. జయలక్ష్మి తనది పెయింటు మూత అని, మోకాళ్ళ నొప్పి వల్ల ఎండలో నిలబడలేనని చెబితే, ఉదయ్ భాస్కర్ సార్ ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళి పెయింటు మూత చోట నిలబడ్డాడు. అందుకు మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి.

పదిన్నర దాటేసరికి గోడ పొడుగునా వరస లేచింది. ఒక్కచోట తప్ప.

కీబోర్డుకూ పెయింటు మూతకూ మధ్య నల్లరాయి ఉండేదని రసజ్ఞకే బాగా గుర్తు, పొద్దున తన కళ్ళతో చూసింది. అది ఎవరిదని అడిగింది. కనకలక్ష్మి బిందె అంచు తుడుచుకుంటూ నాది కాదంది. జయలక్ష్మి కొంగు సర్దుకుంటూ నాకేం ఎరుక అంది. మిగతావాళ్ళు ఆకాశంలోకీ ట్యాంకరు వచ్చే మలుపులోకీ చూశారు. అంతదాకా పోటీపడి చెప్పిన నోళ్ళన్నీ ఒక్కసారి మూతపడ్డాయి.

“అది గట్లనే ఉంటది బిడ్డా, నువ్వు ఫికర్ చేయకు,” అంది ఎవరో వెనక నుంచి.

ఫికర్ చేయకు అంటే ఊరుకునే పిల్లా? లెక్కపెట్టి చూసింది. ముప్ఫయ్యొక్క వస్తువుల్లో ముప్ఫై వస్తువులకు ఇళ్ళు దొరికాయి. రాయికి ఇల్లు లేదు. ఎవరిదీ కానప్పుడు చోటెందుకని సార్ ఒక అడుగు ముందుకు వేసి కనకలక్ష్మి వెనక నిలబడ్డాడు. నిజానికి అలా జరిగితే లాభం జయలక్ష్మిదే, ఆమె వంతు ఒకటి ముందుకొస్తుంది. కానీ అరుగు మీద కూర్చున్న జయలక్ష్మే గదమాయించింది.

“సారూ, జర ఎనక్కి జరుగుండ్రి. ఆడ జాగా ఇడువుండ్రి.”

సార్ వెనక్కి జరిగాడు. ఖాళీగా మిగిలిన ఆ చోటులోకి రసజ్ఞ వెళ్ళి నిలబడింది. రాయి ఎవరిదో తెలియకపోతే తెలిసేదాకా రాయిలా నిలబడటమే మార్గమనుకుంది. ముందున్న కనకలక్ష్మి వీపుకేసి చూస్తూ, మీకు కుళాయిలు ఎందుకు లేవండీ, పక్క గల్లీలో ఉన్నాయి కదా అని అడిగింది.

ఆ ప్రశ్నకు మాత్రం అందరికీ నోళ్ళొచ్చాయి. గుట్ట పైమెట్టు మీద ఆకుపచ్చ గేటు ఇల్లు చూపించారు. గేటు వెనక కుర్చీలో ఒక ముసలాయన కిందికే చూస్తూ కూర్చుని ఉన్నాడు. పేరు నర్సింహ. తొమ్మిదేళ్ళ కింద పైపులైను వేయడానికి వస్తే, అది ఆయన ఇంటి గోడ పక్క నుంచే పోవాలి. తవ్వితే గోడ కూలుతుందని కోర్టుకు పోయి ఆపించాడు. తెచ్చిన పైపులు ఆరు నెలలు రోడ్డు మీద ఎండి, తర్వాత వేరే బస్తీకి వెళ్ళిపోయాయి. ఆ పైపుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగింది జయలక్ష్మి భర్తకు. నడిబజార్లో ఆయనా నర్సింహా తిట్టుకున్నారు. జయలక్ష్మి భర్త పోయినప్పుడు కూడా నర్సింహ కిందికి దిగలేదు. అప్పటి నుంచీ ఆ ముసలాయనతో బస్తీలో ఎవరికీ మాటల్లేవు, పెళ్ళికి పిలవరు, పండక్కి పలకరించరు. భార్య పోయి ఒక్కడే ఉంటున్నాడు. గీ లైనంత ఆయన పుణ్యమే, ఆయన ముఖం సూస్తే నీళ్ళు గూడ పుట్టవు అని కనకలక్ష్మి అందరికంటే గట్టిగా తిట్టింది.

మరి ఆయనకు నీళ్ళెలా అని రసజ్ఞ అడిగింది. కనకలక్ష్మి ట్యాంకరు వస్తున్నదని చెప్పి అటు తిరిగింది.

ట్యాంకరు నిజంగానే వచ్చింది. డ్రైవరు దిగి, గోడ పొడుగునా నిలబడ్డ పచ్చ టీషర్టులను చూసి, ఈళ్ళెవరని అడిగాడు. ఇటుక అని ఒకరు, చెప్పు అని ఒకరు చెబితే ఆయనకు ఏమీ అర్థం కాక పైపు విప్పాడు. అప్పటికే పనుల నుంచి ఒక్కొక్కరూ పరిగెత్తుకొస్తున్నారు. వచ్చినామె వరస వెతుక్కుని, నేను ఇటుక అనగానే ఇటుక పిల్లవాడు పక్కకు తప్పుకుని బిందె అందుకుంటున్నాడు. ఒక్క మాట తేడా రాలేదు. రసజ్ఞకు గుండెల మీది బరువు దిగింది. కనకలక్ష్మి ఇంటి నుంచి ఇంకో రెండు బిందెలూ ఒక డ్రమ్మూ తెచ్చుకుంది, నాలుగు బిందెలూ నిండాయి.

తర్వాత వంతు నల్లరాయిది. డ్రైవరు పైపు పట్టుకుని బిందె ఏదన్నాడు. రసజ్ఞ ఖాళీ చేతులతో నిలబడింది. వెనకనున్నవాళ్ళు ఎవరూ కదల్లేదు, తొందర పెట్టలేదు. కనకలక్ష్మి ఇటు చూడకుండానే తన బిందెలో నీళ్ళు డ్రమ్ములోకి వంచి, ఖాళీ బిందె రసజ్ఞ ముందుకు నెట్టింది.

“పట్టు.”

“ఎవరికండీ?”

“పట్టమన్న గద. పైకి తీస్కపోయి గేటు కాడ పెట్టి రా. ఎవరు పంపిన్రంటే తెల్వదను.”

పైన ఉన్నవి ఎన్నో గేట్లు కాదు, ఒక్కటే. రసజ్ఞ బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కింది. సగం నీళ్ళు టీషర్టు మీద పోసుకుంది, మణికొండ పిల్లకు బిందె ఎక్కడ అలవాటు? పైకి చేరేసరికి నర్సింహ కుర్చీలోంచి లేచి గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలోంచి బిందె అందుకుని, గేటు పక్కనున్న డ్రమ్ములో పోశాడు.

“పొద్దుగాల్నించి ఈడనే కూసుని సూస్తున్న,” అన్నాడు. “మీరు రాయి తీసి సంచిల ఏసిన్రు. అది సూసిన. మల్ల లైను కట్టుడు మొదలువెట్టిన్రు. రాయి లేకపాయె గద, ఇగ నన్ను ఇడిచిపెడ్తరనుకున్న. ఆ సారు ముందుకు జరిగిండు సూడు, అప్పుడైతే పానం పోయినట్టయింది.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రసజ్ఞకూ తిరిగాయి. అంటే రాయి సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. బస్తీ ఆయనకు తెలియదన్నట్టు రాయి పెడుతోంది, ఆయన తనకు తెలియదన్నట్టు నీళ్ళు తాగుతున్నాడు. ఆ రాయి ఎవరు పెడతారు తాతా అని అడిగింది. తొమ్మిదేళ్ళలో ఆ మాట తను ఒక్కసారి కూడా అడగలేదన్నాడు. పేరు తెలిస్తే వాళ్ళ ముందర నిలబడి మాట్లాడాలి, ఏమని మాట్లాడతానని భయపడ్డాడట. అంతలోనే కింద నడుస్తున్న వరసకేసి ఒకసారి చూసి, ఖాళీ బిందె ఆమె చేతికిచ్చాడు.

“ఇయ్యాల అడుగు బిడ్డా. నర్సింహ అడగమన్నడని చెప్పు. ఎవరో ఎరుక జేసుకోవాలె.”

రసజ్ఞ మెట్లు దిగింది. పేరు చెప్పొద్దన్నారు గానీ పేరు అడగొద్దని ఎవరూ అనలేదు కదా. వరస ముందుకొచ్చి, బిందె పైపు కింద పెట్టి, అందరికీ వినపడేలా, నర్సింహ తాత అడగమన్నారు, తన రాయి పెట్టేది ఎవరో చెప్పమంటున్నారు అంది. కనకలక్ష్మి ముఖం ఎర్రబడింది. తాను ఊహించింది సరిగ్గా అదేనని, తిట్టిన నోరే పెట్టిన చెయ్యి అని రసజ్ఞ అనుకుంది.

అరుగు మీది నుంచి జయలక్ష్మి మోకాళ్ళు పట్టుకుని లేచింది. గుట్ట పైకి, ఆకుపచ్చ గేటుకేసి చూసింది. తొమ్మిదేళ్ళలో ఆమె అటు తలెత్తి చూడటం అదే మొదటిసారని తర్వాత కనకలక్ష్మే చెప్పింది.

“ఒక్కలు పెడ్తే గద పేరు చెప్పనీకి,” అంది జయలక్ష్మి. “ఇయ్యాల నేను పెట్టిన. బుధారం నాడు కనకలక్ష్మి పెట్టింది. అంతకుముందు ఎవరో నాకు తెల్వదు. ఎవరికి ముందు యాదికొస్తే వాళ్ళు పెడ్తరు.”

వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా కాదనలేదు. రెండో బిందె నిండింది. రసజ్ఞ దాన్ని చంకకెత్తుకుని, ఆ జవాబు చెప్పడానికి మళ్ళీ మెట్లెక్కింది.